పడవ మీద చేరే బసకు మార్కులు వేద్దాం

సారపాకలో గోదావరిని రోజూ చూసే మనకు ఏటి ఒడ్డునో, చెరువు గట్టునో ఒక రాత్రి గడపాలనిపించడం సహజం. పాపికొండల దారిలో కొల్లూరు వద్ద వేసిన వెదురు గుడిసెలు అలాంటి బసగానే పేరు పొందాయి. అక్కడికి పడవ మీదే చేరేవారు. ఇటువంటి చోటు మంచిదో కాదో ఎలా తేల్చుకోవాలో తెలుసుకుందాం.

చల్లగాలికి, వెన్నెలకు నూటికి నూరు వేయవచ్చు. కానీ పదో తరగతిలో ఒక్క సబ్జెక్టు పోయినా పరీక్ష తప్పినట్టే కదా! ఇక్కడా అంతే. రోడ్డున్న చోట ఆపద వస్తే నడిచైనా బయటపడతాం. నీళ్లే దారి అయిన చోట ఆ దారి మూసుకుపోతే మరో దారి లేదు. కాబట్టి ఈ నాలుగింటిలోనూ పాస్ కావాలి.

1. నేల: భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఇస్తారు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. మన దగ్గర చినుకు పడకపోయినా ఎగువన ప్రాణహిత, ఇంద్రావతి పొంగితే ఇక్కడ నీరు పెరుగుతుంది. కూనవరం వద్ద శబరి కూడా తోడవుతుంది. అందుకే ఆకాశాన్ని కాదు, ఒడ్డును చూడాలి. కొమ్మలకు చిక్కిన చెత్త, మానుల మీది బురద చార పాత వరద గుర్తులు. వాటికి దిగువన పడుకోరాదు. వానాకాలంలో ఇసుక తిన్నెకు సున్నా మార్కులే. పోలవరం కాఫర్ డ్యామ్ కట్టాక ఆ దారిలో నీటిమట్టాలు మారాయి కనుక పాత కబుర్లు నమ్మి బయలుదేరకూడదు.

2. పడవ: తాటి దోనె అడుగు గుండ్రంగా ఉంటుంది. లేచి నిలబడితే ఒరుగుతుంది. లైఫ్ జాకెట్ పడవలో ఉంటే చాలదు, ఒంటి మీద ఉండాలి. 2019 సెప్టెంబరు 15న వరద సమయంలో కచ్చులూరు వద్ద 77 మందితో వెళ్తున్న పర్యాటక బోటు మునిగింది. బతికి బయటపడింది 26 మందే. ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి: పడవ, నడిపే మనిషి రాత్రంతా మనతోనే ఉంటారా? దింపేసి వెళ్లిపోయేటట్లయితే ఆ బస వద్దు.

3. ఆరోగ్యం: ఏటి నీరు తేటగా కనిపించినా కాచి తాగాలి. ఏజెన్సీలో మలేరియా ఉంది కనుక దోమతెర తప్పనిసరి. మరుగుదొడ్డి నీటికి దూరంగా ఉండాలి.

4. అడవి: కిన్నెరసాని జలాశయంలో మొసళ్లున్నాయి. అది అభయారణ్యం కూడా. అటవీశాఖ అనుమతి లేకుండా అక్కడ బస చేయరాదు. ఎక్కడైనా నీటి అంచున పడుకోవద్దు, చీకట్లో నీళ్లకు దిగవద్దు.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. తమ్ముళ్లను తీసుకెళ్లే ముందు మీలో ఒకరు పగటిపూట వెళ్లి చూసి రండి. ఎవరెవరు వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో కాగితం మీద రాసి వార్డెన్ గారికి ఇవ్వండి. మనల్ని నమ్మి హాస్టల్‌కు పంపిన అమ్మానాన్నలకు మనం క్షేమంగా తిరిగి రావడమే అసలైన ఫస్ట్ క్లాస్.