ట్రిఫొనోవ్ నడిచిన దారి: పియానో నేర్చుకునే పిల్లవాడికి ఉత్తరం



డానీల్ ట్రిఫొనోవ్ 1991లో రష్యాలోని నీజ్నీ నొవ్‌గొరద్‌లో పుట్టాడు. తండ్రి స్వరకర్త, తల్లి సంగీతం టీచరు. ఐదో ఏట పియానో మొదలుపెట్టాడు. పిల్లవాడికి తొమ్మిదేళ్లు వచ్చేసరికి అతని చదువు కోసం ఇంటిల్లిపాదీ మాస్కోకు మకాం మార్చారు. ఇరవయ్యో ఏట ప్రపంచమంతా అతని పేరు విన్నది. ఈ రెంటి మధ్య గడిచిన పదకొండేళ్లలో ఏం జరిగిందన్నదే పియానోను వృత్తిగా ఎంచుకునేవారు ముందు చూడవలసిన సంగతి.

మాస్కోలో అతను చేరింది గ్నేసిన్ సంగీత పాఠశాలలో. అలాంటి బడి అక్కడ మరొకటీ ఉంది. మాస్కో కన్జర్వేటరీకి అనుబంధంగా మొదలైన కేంద్ర సంగీత పాఠశాల కూడా ఆ కోవలోదే. వీటిలో లెక్కలు, సాహిత్యం, వాద్యం, స్వరజ్ఞానం, హార్మొనీ అన్నీ ఒకే కప్పు కింద సాగుతాయి. సంగీతం అక్కడ సాయంత్రం ట్యూషన్ కాదు, అసలు చదువే అది. హైదరాబాద్, విజయవాడల్లో ట్రినిటీ గ్రేడు పరీక్షలకు ఏడాదికి మూడు పీసులు తయారుచేసుకునే పిల్లలకూ, ఆ బడి పిల్లలకూ తేడా ప్రతిభలో కన్నా ఈ ఏర్పాటులోనే ఎక్కువ ఉంది.

బడి కన్నా ముఖ్యం గురువు. ట్రిఫొనోవ్ 2000 నుంచి 2009 వరకు తత్యానా జెలిక్‌మన్ అనే ఒక్క గురువు దగ్గరే నేర్చుకున్నాడు. అతనికి ఇరవయ్యేళ్ల ముందువాడైన పియానిస్టు యెవ్గెనీ కిసీన్‌ది ఇంకా విచిత్రం. అదే గ్నేసిన్ బడిలో అన్నా కాంటర్ దగ్గర చేరాడు. జీవితంలో మరో గురువు లేరు. పన్నెండేళ్లకే, 1984లో, మాస్కో కన్జర్వేటరీ పెద్ద హాల్లో షోపెన్ రెండు కాన్చెర్టోలనూ ఒకే సాయంత్రం వాయించాడు. పెద్ద అంతర్జాతీయ పోటీ ఒక్కటీ గెలవకుండానే ప్రపంచ వేదికలన్నీ ఎక్కాడు. గురువును ఏడాదికొకరిని మార్చే అలవాటు ఉన్నచోట ఇలాంటి చేయి తయారుకాదు.

ఆ చేయిలో ఏముందో రహ్మానినోవ్ రెండో కాన్చెర్టో మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. ఆర్కెస్ట్రా ఇంకా నోరు మెదపదు. పియానో ఒక్కటే బరువైన కార్డులు ఒకదాని వెంట ఒకటి వేస్తుంది. ప్రతి కార్డుకూ జవాబుగా అడుగున మంద్రంలో ఒకే స్వరం పలుకుతుంది. మొదటిది వినపడీ వినపడనట్టు మొదలై, చివరికి హాలంతా నిండాలి. వేళ్ల వేగంతో ఇక్కడ పనిలేదు. భుజం నుంచి వచ్చే బరువును చేతి గుండా మెట్టు మెట్టుగా దించడమే పని. మూడో కార్డుకే తొందరపడి గట్టిగా వేసినవాడికి ఏడో కార్డు దగ్గర పెంచడానికి ఏమీ మిగలదు. ఎడమ చేతి కార్డులు రహ్మానినోవ్ తన పెద్ద అరచేతికి సరిపడా రాసుకున్నవి కాబట్టి, చిన్న చేతులవాళ్లు వాటిని కింది స్వరం నుంచి పైకి విడదీసి వాయిస్తారు. అందులో తప్పేం లేదు. పెరుగుదల తెగిపోతేనే తప్పు.

2009లో ట్రిఫొనోవ్ అమెరికా వెళ్లి, క్లీవ్‌లాండ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యూజిక్‌లో సెర్గేయ్ బబాయన్ శిష్యుడయ్యాడు. బబాయన్ ఆర్మేనియాలో పుట్టి మాస్కోలో చదివినవాడు; దేశం మారినా బాణీ మారలేదన్నమాట. ఆ తరువాతే పెద్ద పోటీలు. 2010లో వార్సాలో షోపెన్ పోటీలో మూడో బహుమతి వచ్చింది. మొదటిది యూలియానా అవ్దేయెవాకు దక్కింది. 2011 మే నెలలో టెల్ అవీవ్‌లో రూబిన్‌స్టైన్ పోటీ గెలిచాడు. ఆ వెనువెంటనే మాస్కోలో చైకోవ్‌స్కీ పోటీలో మొదటి బహుమతితో పాటు గ్రాండ్ ప్రీ కూడా అందుకున్నాడు. పత్రికలు ఈ కొన్ని నెలల గురించే రాస్తాయి. నిజానికి అవి ఒకే గురువు దగ్గర గడిచిన ఆ తొమ్మిదేళ్లకు వచ్చిన ఫలితం.

బహుమతిని ఉద్యోగ నియామకపత్రంగా భావించే తల్లిదండ్రులు ఎక్కడైనా ఉంటారు. వాళ్లు వాన్ క్లైబర్న్ కథ తెలుసుకోవాలి. 1958లో మొదటి చైకోవ్‌స్కీ పోటీని, ప్రచ్ఛన్నయుద్ధం నడుమ, 23 ఏళ్ల ఈ అమెరికన్ గెలిచాడు. న్యూయార్క్ వీధుల్లో కాగితాల వాన కురిపిస్తూ ఊరేగించారు. అతను వాయించిన చైకోవ్‌స్కీ మొదటి కాన్చెర్టో రికార్డు పది లక్షలకు పైగా అమ్ముడైంది. దానితో ఎక్కడికి వెళ్లినా అదే కాన్చెర్టో కావాలన్నారు. 1978లో వేదిక నుంచి తప్పుకుని, ఏళ్ల తరబడి తిరిగి రాలేదు. అతని వాయింపులో లోపం వెతకనక్కర్లేదు. గెలిచిన రోజు నుంచి వినేవాళ్లు అతన్ని కొత్తది వాయించనివ్వలేదు.

ట్రిఫొనోవ్ ఆ ఉచ్చులో పడలేదు. 2013లో కార్నెగీ హాల్లో ఇచ్చిన సోలో కచేరీని డాయిచ గ్రమఫోన్ ఆల్బమ్‌గా విడుదల చేసింది. మరుసటి ఏడాది తను రాసిన పియానో కాన్చెర్టోను క్లీవ్‌లాండ్‌లో తానే వాయించాడు. లిస్ట్ ఎటూడ్‌ల ఆల్బమ్‌కు 2018లో గ్రామీ వచ్చింది. ఆ పేరుతో కొన్నేళ్లు సుఖంగా గడిచిపోయేవే. అతను మాత్రం ఇరవయ్యో శతాబ్దపు దశకాల వారీగా ఒక్కో రచన ఏరి, బెర్గ్, మెసియాన్, లిగెటీ, స్టాక్‌హౌజెన్‌లతో ఒక కచేరీ కూర్చాడు. టికెట్ కొన్నవాళ్లలో సగం మందికైనా అవి కొత్తవే అయివుంటాయి. ఆ తరువాత బాఖ్ అసంపూర్తిగా వదిలిన చివరి ఫ్యూగ్‌ను తానే పూర్తిచేసి రికార్డు చేశాడు. బబాయన్ ఇప్పుడు అతనికి రెండు పియానోల కచేరీల్లో జోడీ.

రోజువారీ బతుకు పత్రికల ఫొటోల్లో కనిపించేంత అందంగా ఉండదు. వయొలిన్ వాద్యకారుడు తన వాద్యం చంకన పెట్టుకుని వెళతాడు. పియానిస్టుకు ఏ ఊళ్లో ఏ పియానో దొరికితే అదే. దాదాపు అన్నింటికీ 88 మెట్లే ఉన్నా ఒకదాని మెట్టు లోతు, మరొకదాని పెడల్ స్పందన వేరు. రిహార్సల్‌కు దొరికే కొద్ది గంటల్లోనే దానితో రాజీ కుదుర్చుకోవాలి. హాళ్లు ఏళ్ల ముందే ఖరారవుతాయి కాబట్టి, రెండేళ్ల తరువాత వాయించేదేమిటో ఇప్పుడే చెప్పాలి. సోలో కచేరీ అంటే దాదాపు గంటన్నర సంగీతం, అదీ నోట్లు చూడకుండా. అందుకే పోటీకి వెళ్లేముందే చేతిలో పది కాన్చెర్టోలైనా సిద్ధంగా ఉండాలి. గెలిచాక కొత్తవి నేర్చుకునే తీరిక అంతగా దొరకదు.

రష్యన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు 2022 నుంచి మరో చిక్కు వచ్చిపడింది. ఉక్రెయిన్ మీద దాడి మొదలయ్యాక చైకోవ్‌స్కీ పోటీని అంతర్జాతీయ సంగీత పోటీల సమాఖ్య తన సభ్యత్వం నుంచి తొలగించింది. 20 ఏళ్ల రష్యన్ పియానిస్టు అలెగ్జాండర్ మలఫేయెవ్ కచేరీలు కెనడాలో రద్దయ్యాయి. అదే ఏడాది టెక్సస్‌లో, పైన చెప్పిన క్లైబర్న్ పేరిట జరిగిన పోటీ రష్యన్లను అనుమతించింది. మాస్కోలో పుట్టిన అన్నా గెన్యుషెనె రెండో స్థానంలో నిలిచింది. ఒకచోట మూసిన తలుపు మరోచోట తెరిచే ఉండవచ్చు. అయితే వాయించే చేయి ఎంత గొప్పదైనా రాజకీయం దాని జోలికి రాదన్న ధీమా కుదరదు.

సోలో వేదిక కొద్దిమందికే దక్కుతుంది. రష్యన్ కన్జర్వేటరీల్లో ఈ సంగతి పాఠ్యక్రమంలోనే కనిపిస్తుంది: సోలో వాద్యంతో పాటు ఛాంబర్ సంగీతం, గాయకులకూ ఇతర వాద్యకారులకూ పక్కన వాయించే విద్య విడివిడి సబ్జెక్టులుగా నేర్పుతారు, వాటికి పరీక్షలూ పెడతారు. పట్టా పుచ్చుకున్నవారిలో ఎందరో అలా పక్కన వాయిస్తూనో, ఒపెరా థియేటర్లలో గాయకులకు పాత్రలు నేర్పుతూనో, బడుల్లో పాఠం చెబుతూనో స్థిరపడతారు. జెలిక్‌మన్, కాంటర్‌ల పేర్లు మిగిలింది ఆ బడి గదుల్లో చేసిన పనివల్లే.

ఆశీస్సులతో,
పెదనాన్న