రౌటర్ సెట్టింగ్స్: బ్యాకప్, రీస్టోర్, రీసెట్ – సచివాలయ సిబ్బందికి, సేవా కేంద్రాల వారికి సులభ పాఠం

ఈ పాఠం ఎవరికి?

గ్రామ, వార్డు సచివాలయాల్లో పనిచేసే డిజిటల్ అసిస్టెంట్లకు, మీసేవ కేంద్రాల నిర్వాహకులకు, ఫైబర్ ఇంటర్నెట్ ఉన్న బడులు, ఆరోగ్య కేంద్రాల సిబ్బందికి. కంప్యూటర్ కోర్సు చదివి ఉండనక్కర్లేదు. ఫోన్‌లో సెట్టింగ్స్ మార్చడం వస్తే చాలు.

ఎందుకు తెలుసుకోవాలి?

2019 అక్టోబరు 2న సచివాలయాలు మొదలైనప్పటి నుంచి ఆదాయ, కుల ధ్రువీకరణ పత్రాలు, రేషన్ కార్డులో మార్పులు వంటి పనులకు ఊళ్లోనే దరఖాస్తు పెట్టుకునే వీలు వచ్చింది. అయితే కౌంటర్ దగ్గర జరిగే ఈ పనంతా ఆన్‌లైన్‌లోనే. గోడకు తగిలించిన చిన్న రౌటర్ పెట్టె ఆగితే కౌంటర్ ఆగినట్టే.

కూతురి ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ఆదాయ సర్టిఫికెట్‌కు వచ్చిన తల్లితో "నెట్ లేదమ్మా, రేపు రండి" అని చెప్పడం తేలికే. ఆమెకు మాత్రం ఇవాళ్టి కూలి పోయింది, రేపటిదీ పోతుంది. ఆఖరు తేదీ దగ్గరపడి ఉంటే కూతురి చదువుకే ఇబ్బంది. చాలాసార్లు నెట్ పోయేది పది నిమిషాలే. ఆ పది నిమిషాల్లో ఎవరో తొందరపడి రీసెట్ నొక్కడం వల్ల అది రెండు రోజుల సమస్య అవుతుంది.

నాలుగు మాటలు, నాలుగు వేర్వేరు పనులు

రీస్టార్ట్: పెట్టెను ఆపి మళ్లీ వేయడం. సెట్టింగ్స్ ఏవీ పోవు.

రీసెట్: సెట్టింగ్స్ మొత్తం తుడిచేసి, పెట్టెను కంపెనీ నుంచి వచ్చిన రోజు స్థితికి తేవడం. వైఫై పేరు, పాస్‌వర్డ్, ఇంటర్నెట్ లాగిన్, ప్రింటర్ కోసం పెట్టుకున్న నంబర్లు, అన్నీ పోతాయి.

బ్యాకప్: ఇప్పుడున్న సెట్టింగ్స్‌ను ఒక ఫైల్‌గా దాచుకోవడం.

రీస్టోర్: ఆ ఫైల్‌ను మళ్లీ రౌటర్‌లోకి ఎక్కించడం.

రీస్టార్ట్‌కూ రీసెట్‌కూ తేడా తెలిస్తే సగం పాఠం వచ్చినట్టే. ఇంట్లో దీపం ఆపి వేయడం ఒకటి, వైరింగ్ అంతా పీకేయడం ఇంకొకటి.

నెట్ పోతే ముందు లైట్లు చూడండి

ఫైబర్ పెట్టె మీద ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న లైటు ఎర్రగా వెలుగుతున్నా, కొట్టుకుంటున్నా లైన్‌లో వెలుతురు రావడం లేదని అర్థం. వైరు ఎక్కడో తెగి ఉండొచ్చు, మడత పడి ఉండొచ్చు, పిన్ను వదులై ఉండొచ్చు. దీనికి రీసెట్ మందు కాదు. ఆపరేటర్‌కు ఫోన్ చేయండి. ఊడిన ఫైబర్ కొసను కంటి ముందు పెట్టుకుని చూడకండి. అందులోని కాంతి కంటికి కనపడదు గానీ హాని చేయగలదు.

పీఓఎన్ లైటు నిలకడగా పచ్చగా ఉండి, ఎల్‌ఓఎస్ వెలగకపోతే లైన్ బాగానే ఉన్నట్టు. అప్పుడు రౌటర్ స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి వేయండి. రెండు మూడు నిమిషాలు ఓపిక పట్టండి. అయినా రాకపోతే, ఏమీ నొక్కకుండా ఆపరేటర్‌ను అడగండి.

బ్యాకప్ ఎలా తీయాలి?

నెట్ బాగా పనిచేస్తున్న రోజే తీయాలి. చెడిపోయాక తీస్తే చెడిన సెట్టింగ్సే ఫైల్‌లోకి వస్తాయి.

1. కంప్యూటర్‌ను ల్యాన్ వైరుతో రౌటర్‌కు కలపండి.

2. బ్రౌజర్‌లో రౌటర్ అడ్రస్ కొట్టండి. ఎక్కువ వాటికి 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది. మీది ఏదో పెట్టె అడుగున అంటించిన స్టిక్కర్ మీద చూడండి.

3. అడ్మిన్ పేరు, పాస్‌వర్డ్‌తో లాగిన్ అవ్వండి.

4. మేనేజ్‌మెంట్, సిస్టమ్ టూల్స్, మెయింటెనెన్స్ వంటి మెనూల్లో బ్యాకప్ అండ్ రీస్టోర్ అనే చోటు వెతకండి. పేరు మోడల్‌ను బట్టి మారుతుంది.

5. బ్యాకప్ నొక్కితే ఒక చిన్న ఫైల్ డౌన్‌లోడ్ అవుతుంది. దాని పేరులో కార్యాలయం పేరు, రౌటర్ మోడల్, తేదీ పెట్టుకోండి.

6. ఒక కాపీ కంప్యూటర్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. ఆన్‌లైన్ డ్రైవ్‌లో మాత్రమే దాచుకుంటే నెట్ లేని రోజు దాన్ని తీయడం కష్టం.

ఆపరేటర్లు ఇచ్చే కొన్ని పెట్టెల్లో మామూలు లాగిన్‌కు ఈ మెనూ కనపడదు. అలాంటప్పుడు కింద చెప్పిన కాగితమే మీ బ్యాకప్.

కాగితం బ్యాకప్ తప్పనిసరి

బ్యాకప్ ఫైల్ సాధారణంగా అదే మోడల్ రౌటర్‌కే పనికొస్తుంది. పిడుగు పడి పెట్టే కాలిపోయి, వేరే మోడల్ వస్తే ఫైల్ ఎక్కదు. అందుకే ఇవి ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి:

• రౌటర్ మోడల్, సీరియల్ నంబరు
• ఇంటర్నెట్ కనెక్షన్ రకం. పీపీపీఓఈ అయితే యూజర్ నేమ్, పాస్‌వర్డ్
• వీల్యాన్ ఐడీ ఉంటే ఆ నంబరు
• వైఫై పేరు, పాస్‌వర్డ్
• అడ్మిన్ లాగిన్
• ప్రింటర్ వంటి పరికరాలకు కేటాయించిన ఐపీ నంబర్లు
• ఆపరేటర్ ఫోన్ నంబరు, మీ కస్టమర్ ఐడీ

పీపీపీఓఈ పాస్‌వర్డ్ తెర మీద చుక్కలుగా కనిపిస్తే ఆపరేటర్‌ను అడిగి రాసుకోండి.

రీసెట్ ఎప్పుడు చేయాలి?

అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేనప్పుడు, సెట్టింగ్స్ కలగాపులగమై సరిదిద్దలేనప్పుడు, పెట్టెను వేరొకరికి అప్పగించేటప్పుడు. చేసే ముందు ఆపరేటర్‌ను ఒక్క ప్రశ్న అడగండి: "రీసెట్ చేస్తే సెట్టింగ్స్ మీ వైపు నుంచి వాటంతటవే వస్తాయా, మేమే పెట్టుకోవాలా?" కొన్ని కనెక్షన్లలో దూరం నుంచే పంపుతారు, కొన్నింటిలో మనిషి రావాల్సిందే.

పెట్టె కరెంటుతో నడుస్తుండగానే, చిన్న రంధ్రంలోని బటన్‌ను సూదిమొనతో పది సెకన్లు నొక్కి ఉంచాలి. లైట్లన్నీ ఒకసారి మారాక వదలాలి. ఖచ్చితమైన సమయం మోడల్‌ను బట్టి ఉంటుంది. కొన్ని రౌటర్లలో డబ్ల్యూపీఎస్‌కూ రీసెట్‌కూ ఒకటే బటన్ ఉంటుంది; కాసేపు ఎక్కువ నొక్కితే రీసెట్ అయిపోతుంది, జాగ్రత్త.

రీసెట్ అయ్యాక స్టిక్కర్ మీది పాత పాస్‌వర్డే పనిచేస్తుంది. వెంటనే మార్చండి. 2016లో మిరాయ్ అనే వైరస్ లాంటి ప్రోగ్రామ్, కంపెనీ పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసిన కెమెరాలు, రౌటర్లలోకే దూరి ప్రపంచమంతా గగ్గోలు పుట్టించింది.

రీస్టోర్ ఎలా?

అదే బ్యాకప్ మెనూలోకి వెళ్లి, ఫైల్ ఎంచుకుని, రీస్టోర్ నొక్కండి. వైఫై మీద కాకుండా ల్యాన్ వైరు మీదే చేయండి. రౌటర్ తనంతట తాను రీస్టార్ట్ అవుతుంది. అప్పటిదాకా కరెంటు తీయకండి. ఆ తర్వాత ఒక వెబ్‌సైట్ తెరిచి, ఒక పేజీ ప్రింట్ తీసి సరిచూసుకోండి.

తరచుగా వచ్చే సందేహాలు

పాస్‌వర్డ్ మర్చిపోయి రీసెట్ చేశాం. బ్యాకప్ ఎక్కించవచ్చా?
ఫైల్‌తో పాటు ఆ మర్చిపోయిన పాస్‌వర్డ్ కూడా తిరిగి రావచ్చు. మళ్లీ మొదటికొస్తారు. ఈ ఒక్క సందర్భంలో కాగితం చూసి చేత్తో నింపుకోవడమే మేలు.

ఫైల్‌ను వాట్సాప్ గ్రూపులో పెట్టుకోవచ్చా?
వద్దు. అందులో పాస్‌వర్డ్‌లు ఉంటాయి. కొన్ని మోడళ్లలో వాటిని ఎవరైనా తెరిచి చదవగలరు. ఇంటి తాళంచెవి రచ్చబండ మీద పెట్టినట్టు అవుతుంది.

ఎన్ని రోజులకోసారి తీయాలి?
రోజులతో పని లేదు. సెట్టింగ్ మార్చిన ప్రతిసారీ, రౌటర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌కు ముందు తీయండి. సిబ్బంది బదిలీ అయ్యేటప్పుడు చార్జ్ అప్పగించే వస్తువుల్లో ఈ ఫైల్, కాగితం కూడా చేర్చండి.

అయినా నెట్ రాకపోతే?

వచ్చినవారిని ఒట్టి చేతులతో పంపకండి. పేరు, ఫోన్ నంబరు, కావాల్సిన సేవ, ఆఖరు తేదీ రిజిస్టర్‌లో రాసుకోండి. ఆఖరు తేదీ దగ్గరున్న వారిని ముందు వరుసలో పెట్టండి. నెట్ రాగానే మీరే ఫోన్ చేసి పిలవండి. "రేపు రండి" అనే మాటకూ "మేమే పిలుస్తాం" అనే మాటకూ మధ్య ఒక రోజు కూలి తేడా ఉంది.

ఈ పని మొత్తానికి పట్టేది అరగంట. ఇవాళ నెట్ బాగుంటే, ఈ పీడీఎఫ్ మూసిన వెంటనే రౌటర్ స్టిక్కర్ ఫొటో తీయండి. మిగతావి సాయంత్రం కౌంటర్ మూసేలోపు పూర్తి చేయండి. పక్క సచివాలయం వారికి కూడా ఈ పాఠం పంపండి.