సంస్థా నాయకత్వము - ఆత్మపరిశీలన

నాయకత్వమనగానే మన కళ్ళకు కట్టేది వేదిక, పూలదండ, ధ్వనివర్ధకం. వాణిజ్యశాస్త్ర పాఠ్యగ్రంథాలు తెరచినా ప్రణాళిక, వ్యవస్థీకరణ, నిర్దేశం, నియంత్రణ అనే మాటలే వరుసగా కనిపిస్తాయి. అవి అవసరమైనవే. అయితే నియంత్రించేవానిని నియంత్రించేది ఏది? ఈ ప్రశ్నకు ఆ గ్రంథాలలో లభించే చోటు స్వల్పం. తన నిర్ణయాలను తానే వెనుదిరిగి చూచుకోవడం, చెప్పిన మాటకూ చేసిన పనికీ మధ్య దూరాన్ని కొలుచుకోవడం, తన వల్ల నష్టపడినవారి ఎదుట నిలబడగలగడం అభ్యాసం వల్ల అలవడే గుణాలే గాని, పదవితో పాటు దఖలు పడేవి కావని మా అభిప్రాయం. దీనిని పరిశీలించడానికి మేము దూరదేశాల సంస్థలను వెదకలేదు. ఓడరేవు, ఉక్కు కర్మాగారం, విశ్వవిద్యాలయం ఒక్కచోట చేరిన విశాఖపట్నమే మాకు చాలినంత పాఠశాల అయినది.

మన ఉర్దూ విభాగపు మిత్రులకు ‘అమానత్’ అనే మాట సుపరిచితం. ఒకరు నమ్మి మరొకరి వద్ద దాచిన సొమ్ము అమానత్. అది దాచుకున్నవానిది కాదు. అడిగిననాడు చెక్కుచెదరకుండా తిరిగి ఇవ్వవలసినది. తెలుగులోనూ ‘అమానతు’ అని వాడుక ఉన్నది. అధికారాన్ని ఈ మాటతో అర్థం చేసుకుంటే తక్కిన వివరణ చాలావరకు అనవసరమౌతుంది. కుర్చీ నాది అనుకొనేవానికీ, కుర్చీ నా వద్ద ఉంచబడినది అనుకొనేవానికీ ప్రవర్తనలో భేదం మొదటి కష్టకాలంలోనే బయటపడుతుంది.

ముందుగా ఓడరేవును చూద్దాం. 1933 డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు ప్రారంభించిన ఈ రేవులో లోపలి హార్బరుకు చేరాలంటే, కొండకూ ఊరికీ నడుమనున్న ఇరుకైన కాలువ గుండా రావాలి. ఓడకు సర్వాధికారి కెప్టెన్. నడిసముద్రంలో అతని మాటకు ఎదురు లేదు. అటువంటివాడు రేవు ముఖద్వారం వద్దకు రాగానే, చిన్న పడవలో వచ్చి తాళ్ళ నిచ్చెన పట్టుకొని పైకెక్కిన రేవు పైలట్ మాట వింటాడు. కాలువలో లోతెంత, నీటి ఒరవడి ఎటు, గాలి ఓడను ఏ వైపునకు నెట్టుతుంది అనేవి పైలట్‌కు నిత్యానుభవంలోని సంగతులు. వేలాది టన్నుల ఓడను నడిపినవాడు, ఆ కొద్దిపాటి దూరానికి తనకంటె ఎక్కువ తెలిసినవాడున్నాడని అంగీకరించడంలో చిన్నతనమేమీ లేదు.

ఇందులో మరొక విశేషమున్నది. పైలట్ సూచనల మేరకు ఓడ నడచినంతమాత్రాన కెప్టెన్ బాధ్యత తీరిపోదు. ప్రమాదం జరిగితే ‘పైలట్ చెప్పాడు’ అని చేతులు దులుపుకోవడానికి వీలులేదు. పైలట్ పొరపాటు చేస్తున్నాడని స్పష్టంగా తోచినప్పుడు ఊరకుండడానికీ వీలులేదు. వినడం క్రిందివారి నుంచి, బాధ్యత తన మీద. మన కార్యాలయాలలో సాధారణంగా ఇది తలక్రిందులై కనిపిస్తుంది. సలహా పైనుంచి వస్తుంది, సంజాయిషీ మాత్రం గుమాస్తాను అడుగుతారు.

ఇక విశ్వవిద్యాలయం. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు తొలి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు. సాహిత్య విద్యార్థులు వారిని ‘కవిత్వతత్త్వ విచారము’ రచయితగా ఎరుగుదురు. బెజవాడలో మొదలైన విశ్వవిద్యాలయం వాల్తేరుకు చేరుకున్న 1930లోనే, శాసనోల్లంఘన ఉద్యమంపై ప్రభుత్వం సాగించిన దమననీతికి నిరసనగా ఆయన పదవికి రాజీనామా చేశారు. ఎటువంటి పదవి అది! తాను పునాది నుంచి కట్టుకుంటూ వచ్చిన సంస్థ. ఇంకా గోడలు లేవవలసిన సమయం. ‘నేను లేకపోతే సంస్థ ఏమౌతుంది’ అనే వాదం ఎంత గౌరవప్రదంగా వినిపించేదో ఊహించవచ్చు. ఆ వాదాన్ని ఆయన ఆశ్రయించలేదు.

సంస్థ ఏమీ కాలేదు. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ఆ బాధ్యత స్వీకరించి 1936 వరకు నిర్వహించారు. హుమాయూన్ కబీర్, హిరేన్ ముఖర్జీ వంటి యువకులను ఇంకా పేరు రాకముందే పిలిచి వాల్తేరులో బోధకులుగా నియమించారు. తనకంటె చిన్నవారిలో తేజస్సును చూచి భయపడని లక్షణం నాయకులలో అరుదు. 1936లో రామలింగారెడ్డిగారు తిరిగి వచ్చి 1949 వరకు ఉపాధ్యక్షులుగా ఉన్నారు. కుర్చీని వదలగలిగినవానికే తిరిగి దానిలో కూర్చొనే అర్హత ఉన్నదని ఎవరైనా అంటే మేము కాదనము. అయితే వారిని పటం కట్టి పూజించవలసిన పనీ లేదు. దమననీతిని నిరసించినవారే అదే పాలకుల నుంచి ‘సర్’ బిరుదాన్నీ అందుకున్నారు. ఈ రెంటికీ పొంతన ఎలా కుదురుతుందని విద్యార్థులు అడగవచ్చు; అడగాలి కూడా. నిజాయితీ అంటే జీవితమంతా ఒకే రంగులో ఉండడం కాదని మాత్రం మేము చెప్పగలము.

ఉక్కు కర్మాగారం విషయం ఇంతకంటె క్లిష్టమైనది. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్న నినాదం 1966లో రాష్ట్రమంతటా మారుమ్రోగింది. కాల్పులలో ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించగా, 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు దానిని జాతికి అంకితం చేశారు. ఈ తేదీలను మనవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. చెప్పుకోనిది మరొకటున్నది. కర్మాగారం కోసం గ్రామాలకు గ్రామాలే ఖాళీ అయ్యాయి. పొలమూ ఇల్లూ ఇచ్చిన కుటుంబాలకు పునరావాసపు కార్డులు ఇచ్చారు. వాటినే అక్కడ ‘ఆర్-కార్డు’ అంటారు. ఆ కార్డును ఉద్యోగపు హామీగా వారు భద్రపరచుకున్నారు. వేలమందికి ఉద్యోగాలు వచ్చాయి, అందరికీ రాలేదు. తాతకు ఇచ్చిన కార్డు మనుమని చేతికి వచ్చింది.

మాట ఇచ్చిన అధికారి బదిలీ అవుతాడు, విశ్రాంతి తీసుకుంటాడు. అతని స్థానంలో వచ్చినవాడు ‘ఆనాటి సంగతి నాకు తెలియదు’ అనవచ్చునా? సంస్థ ఆస్తులను వారసత్వంగా అనుభవించేవాడు మాటలను మాత్రం వదలివేయవచ్చునా? 2021 జనవరిలో కేంద్రం ఈ కర్మాగారంలోని తన వాటాను పూర్తిగా విక్రయించడానికి సూత్రప్రాయంగా అంగీకరించినప్పుడు కార్మికులు వీధులకెక్కారు. ఆ తరువాత 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ సహాయం ప్రకటింపబడినది. యాజమాన్యం ఎవరిది అనే చర్చలో లెక్కలు చాలా వినిపించాయి. చేతులు మారితే ఆ పాత కార్డుకు ఎవరు జవాబుదారీ అన్న ప్రశ్నకు లెక్కల పుస్తకంలో ప్రత్యేకమైన పద్దు ఏదీ ఉండదు. మా దృష్టిలో సంస్థా నీతికి అసలైన పరీక్ష అక్కడనే.

ఇంతవరకు ఇతరుల సంగతి వ్రాసి ఊరుకోవడం న్యాయం కాదు. చదువు ముగిసిన తొలి సంవత్సరాలలో మేము ఒక చిన్న సహకార సంఘంలో పనిచేశాము. దాని పేరు అప్రస్తుతం. ఒక ఏడాది సరుకు నిల్వలో తరుగు తేలింది. నింద తూకం వేసే మనిషి మీద పడింది. అతడు దినకూలీ. కాటాకు ముద్ర వేయించి చాలా కాలమైనదనీ, అది సరిగా తూగడం లేదనీ మాకు తెలుసు. అధ్యక్షుడు మంచివాడే, అయితే తన ఏర్పాట్లలో లోపమున్నదంటే ఆయనకు ముఖం చిన్నబోయేది. అందుచేత అంతకుముందు ఎవ్వరమూ ఆ మాట ఎత్తలేదు. సమావేశంలో ఆయన ‘ఎవరికైనా అభ్యంతరమున్నదా’ అని అడిగారు. మేము తలలు వంచుకొని కూర్చున్నాము. తీర్మానం ఏకగ్రీవమైనది.

మూడు నెలల తరువాత కాటాను సరిచేయించారు. తరుగు ఆగింది. దస్త్రం మాత్రం తిరిగి తెరవలేదు. అధ్యక్షుడు తెరవలేదు, మేము అడగలేదు. ఆయన తనను తాను ప్రశ్నించుకోలేదని తరువాత చాలాకాలం మేము విమర్శించేవారము. ఆ గదిలో మేమూ ఉన్నామన్న సంగతి మెల్లగా గాని తెలియలేదు. ఈ వ్యాసం మొదలుపెట్టినప్పుడు ఇది వ్రాయాలన్న ఉద్దేశం మాకు లేదు. ఆ తూకం మనిషి ఊరు మాకు తెలుసు. బస్సులో గంట ప్రయాణం. ఇంతవరకు వెళ్ళలేదు.