పోవు పక్షికి దారిబత్తెము

యలహంకలో వ్యాపారము చేసుకొను నాబోటి వానికి సముద్రము దూరపు చుట్టము వంటిది. ఊరిలోని పుట్టేనహళ్లి చెరువు 2015లో పక్షుల రక్షిత స్థలముగా ప్రకటింపబడినది. అక్కడి కొంగలను చూచి చూచి, కడలి పక్షులను గూర్చి కూడ తెలిసికొనవలెనను కోరిక కలిగినది.

పోయిన ఫాల్గుణమున బియ్యపు బేరముపై సూళ్లూరుపేటకు వెళ్లి, పులికాట్ సరస్సు గట్టున ఒక సాయంకాలము నిలిచితిని. నీటిపై గల్ పక్షులు గుంపుగా నుండెను. శీతకాలమున వీని తల తెల్లగా నుండి, కన్ను వెనుక ఒక నల్లచుక్క మాత్రముండును. ఆనాడు అనేకముల తలలు కాఫీగింజ రంగునకు తిరిగియున్నవి. “తల నల్లబడిందంటే ఇంక పయనమే, సేటుగారూ” అని పడవవాడొకడు చెప్పెను.

అతని మాట నిజము. పగటి పొద్దు పెరిగిన కొలది పక్షి దేహములో మార్పు కలుగును. క్రొత్త ఈకలు వచ్చును, క్రొవ్వు చేరును. ఆ క్రొవ్వే దారిబత్తెము. దానితో ఈ పక్షులు హిమాలయములకు ఆవలి టిబెట్టు, మధ్య ఆసియా సరస్సులకు పోయి గ్రుడ్లు పెట్టును. ఆర్కిటిక్ టెర్న్ అను పక్షి ఉత్తర ధ్రువ ప్రాంతము నుండి దక్షిణ ధ్రువ ప్రాంతమునకు పోయి వచ్చుటలో ఏడాదికి సుమారు 70,000 కిలోమీటర్లు ఎగురునని 2010లో శాస్త్రజ్ఞులు తెలిపిరి.

ఇచ్చట నా తప్పు చెప్పుకొనవలెను. కొన్నేండ్ల క్రిందట ముంబాయిలో ఎలిఫెంటాకు పోవు పడవపై, పిల్లలతో కలిసి ఈ పక్షులకే గాఠియా విసరితిని. అవి గాలిలోనే అందుకొనగా, జీవదయ చేసితినని మురిసితిని. ఉప్పు, నూనె, పిండి పక్షి కడుపు నింపునే గాని ప్రయాణమునకు తగిన బలము నీయవు. దూరదేశము పోవు వ్యాపారికి చెల్లని నాణెములు మూటగట్టి యిచ్చినట్లే నేను చేసినది.

కావున సోదరులారా, మన పిల్లలను మాఘ ఫాల్గుణములలో కోస్తాకు తీసికొనిపొండు. మన తూర్పు తీరమున సాయంకాలము సూర్యుడు వెనుక నుండును గనుక పక్షుల రంగులు చక్కగా తెలియును. దూరముగా నిలిచి దుర్భిణితో చూడుడు. ఎన్ని తలలు నల్లబడెనో లెక్కించి, తేదీతో చిట్టాలో వ్రాయుడు. తినుబండారములు విసరకుడు, ప్లాస్టిక్ సంచులు విడువకుడు.

చేయి చాచి పెట్టుట మనకు అలవాటైన దయ. చేయి ముడుచుకొని దారి విడుచుట కూడ దయయే యని ఆ గట్టున తెలిసికొంటిని.