“బౌసెన్” అను పదము – దాని బంధువర్గము

ఆంగ్లపాఠమున “బట్” అను మాటకు “కాని” యని అర్థము వ్రాసికొని మనము ముందునకు సాగుదుము. అది యొకప్పుడు “వెలుపల” అను స్థలమును దెలిపెనని మనలో నెందరెరుగుదురు? దీనిని గ్రహించుటకు జర్మనీ, ఫ్రాన్సు, బెల్జియముల నడుమనున్న లక్సెంబర్గు అను చిన్న దేశమునకు పోవుదము.

అచ్చటివారు వెలుపలను “బౌసెన్” అందురు. “అక్కడ” అను “దో” శబ్దమును ముందు చేర్చి “దోబౌసెన్” అనుటయు కలదు. ఈ పదమున రెండు భాగములున్నవి: మొదటిది ఆంగ్లపు “బై”కి, రెండవది “ఔట్”కు చుట్టము. ఈ రెండును గలిసియే ప్రాచీనాంగ్లమున “బూటన్”, ఉత్తర జర్మనీలో “బూటెన్”, డచ్చిలో “బైటెన్” అయ్యెను. వెలుపలనున్నది లెక్కలో చేరదు గావున, బూటన్ అనుదానికి “తప్ప” అనియు, పిదప “కాని” యనియు అర్థములు గలిగెను. మన “వెలివేయుట”యందును ఇట్టి భావమే కలదు.

టకారము సకారమెట్లాయెను? దక్షిణ జర్మానిక్ మాండలికములలో అచ్చునకు తరువాతి టకారము తరచుగా సకారమయ్యెను. ఆంగ్లపు “వాటర్” లక్సెంబర్గున “వాసెర్”, “ఫుట్” అచ్చట “ఫౌస్”. బౌసెన్ అనుటయు నీ సూత్రమును బట్టియే.

విద్యార్థులారా, ఇచ్చట నొక హెచ్చరిక. డచ్చి “బైటెన్” మన “బయట”వలె వినబడును, అర్థమును నొకటియే. అయినను చుట్టరికము లేదు. మన మాట “బయలు” నుండి పుట్టినది. పోలిక బంధుత్వము గాదు. క్రమము తప్పని ధ్వనిసూత్రమే సాక్ష్యము.

లక్సెంబర్గు భాష చెడిపోయిన జర్మనుభాషయని కొందరెంచిరి. 1941లో జర్మను ఆక్రమణాధికారులు జనగణన పత్రములలో దానిని మాతృభాషగా వ్రాయరాదనిరి. ప్రజలు జంకక దానినే వ్రాయుటకు సిద్ధపడగా, ఆ గణనమే నిలిపివేయబడెను. 1984 సంవత్సరపు శాసనము దానిని జాతీయభాషగా నంగీకరించెను. జర్మను గ్రంథభాష “ఔసెన్” అనుచుండగా, లక్సెంబర్గు వాడుక ఆ ప్రాచీనమగు బకారమును విడువలేదు. చెడినదనబడిన భాషయే పాతసొత్తును దాచినది.

కావున మన యింట పెద్దలు పలుకు మాటను మోటదని నవ్వకముందు, దాని పుట్టుక నడుగుదము.