తుప్పుపట్టిన నట్టుతో కుస్తీ వద్దు

ప్రశ్న: పాత కారు చక్రం నట్లు బిగుసుకుపోయాయి. పానా మీద కాలేసి తొక్కినా కదలడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, లింబాయత్, సూరత్

జవాబు: లోపం మీ బలంలో లేదండీ. తుప్పు తాను పుట్టిన ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మరల మధ్య సందు పూడిపోయి నట్టు బిగుస్తుంది. సముద్రపు ఉప్పుగాలి, వానాకాలపు తేమ కలిసే మీ ఊళ్లో ఇది మామూలే. కాబట్టి ముందు ఆ తుప్పు పట్టు సడలించాలి. చక్రం నేల మీదే ఉంచి, హ్యాండ్ బ్రేక్ వేసి, వైర్ బ్రష్‌తో మరలు రుద్దండి. తుప్పు వదిలించే స్ప్రే బ్రేకులకు తగలకుండా కొట్టి, కొన్ని గంటలు, కుదిరితే రాత్రంతా, నాననివ్వండి. తర్వాత సరిగ్గా పట్టే ఆరు మూలల సాకెట్, పొడవాటి పిడితో కాస్త బిగించి, కాస్త వదులు చేస్తూ రండి. తొక్కడం మాత్రం మానండి, పానా జారితే కాలు విరుగుతుంది.

వేడి చేస్తే సులువు కదా అంటారు. నిజమే, లోహం వ్యాకోచించి పట్టు వదులుతుంది. కానీ పక్కనే టైరు, బ్రేక్ గొట్టం ఉన్నాయి, పైగా స్ప్రే మండుతుంది. ఇంట్లో ఆ పని వద్దు. నట్టు మూలలు అరిగినా, బోల్టు మెలిపడుతున్నట్టు మెత్తగా తోచినా అక్కడితో ఆపి మెకానిక్‌ను పిలవండి. బ్రేకు, స్టీరింగ్ నట్లయితే మొదటే పిలవండి.