పటానికీ ఉండాలి పరీక్ష

పరీక్ష అనగానే విద్యార్థి గుండె ఝల్లుమంటుంది. కాని ఈ వ్యాసంలో పరీక్ష రాయవలసింది మనం కాదు. మనం తయారుచేసిన పటం. దానికి ప్రశ్నపత్రం ఎట్లా కూర్చాలో, ఆ ప్రశ్నపత్రం లేక నేను మా ఊళ్ళో ఎట్లా తలదించుకున్నానో చెప్పడమే నా ఉద్దేశ్యం.

మాది గంభీరావుపేట. ఎగువ మానేరు జలాశయం ఉన్న నర్మాల మా మండలంలోదే. నీళ్ళు, మడి, గెట్టు - మా ఇళ్ళలో మాటలన్నీ వీటి చుట్టే తిరుగుతుంటాయి. 2020లో ధరణి, 2025లో భూ భారతి వచ్చిన తర్వాత రైతు తన భూమిని కాగితంలో కంటే ఎక్కువగా తెరమీదనే వెతుక్కుంటున్నాడు. అందుచేత తెరమీది పటం తప్పు చెప్పకూడదు. ఇది కేవలం కంప్యూటర్ వాళ్ళ సంగతి కాదు, మనందరి సంగతి.

ముందుగా విషయం తెలుసుకుందాం. మామూలు పట్టికలో పేరు, ఊరు, మార్కులు ఉంటాయి. స్థల సమాచారాన్ని దాచే డేటాబేసులో వీటితోపాటు ఆకారం కూడా ఒక గడిలో కూర్చుంటుంది. బావి ఒక బిందువు. కాలువ ఒక గీత. పొలం ఒక మూసిన చుట్టుగీత. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసుకు ఈ శక్తిని ఇచ్చేది పోస్ట్‌జి.ఐ.ఎస్. దీన్ని కెనడాకు చెందిన రిఫ్రాక్షన్స్ రీసెర్చ్ అనే సంస్థ 2001లో విడుదల చేసింది. ఇది ఉచితం. "ఈ బావి ఎవరి పొలంలో ఉంది? ఈ కాలువ ఎన్ని పొలాలను తాకుతుంది? ఈ మడి వైశాల్యమెంత?" అని అడిగితే ఇది లెక్కకట్టి జవాబు చెబుతుంది. మనం వెబ్‌లో చూసే పటం వెనుక కూర్చొని పనిచేసేది ఇటువంటి డేటాబేసే.

ఇక నా కథ. మేము ముగ్గురు మిత్రులం కలిసి ప్రాజెక్టు పనిగా ఒక చిన్న వెబ్ పటం తయారుచేశాం. ఉపగ్రహ చిత్రం మీద మా మడి మూలలు గుర్తించి డేటాబేసులో వేశాం. పొలం మీద వేలు పెడితే వైశాల్యం కనిపించాలి. కనిపించింది. ఆ సంతోషంలో సెలవులకు ఇంటికి పోయి, మా బాపుకు ఫోన్‌లో చూపించాను. మాది గొలుసు పెట్టి కొలిచిన ఒక ఎకరం. పటంలో ఎకరం నాలుగు గుంటలని వచ్చింది.

బాపు చాలాసేపు చూసి, "మన మడి ఎకరమేనాయె. ఈ నాలుగు గుంటలు ఎవ్వలియిరా?" అన్నడు.

నా దగ్గర జవాబు లేదు. పక్క పొలం చిన్నాయన అక్కడే కూర్చున్నాడు. "పటంల ఎక్కినంక రేపు గెట్టు జరుపుమంటరేమో" అని లేచి పోయిండు. ఆయనకూ మాకూ గెట్టు దగ్గర వెనుక ఒకసారి మాట పట్టింపు ఉంది. రెండు రోజులు మా గుమ్మం తొక్కలేదు. లెక్కలో నేను చేసిన పొరపాటు, రెండు ఇళ్ళ మధ్య మాట లేకుండా చేసింది.

తప్పు ఎక్కడ జరిగింది? భూమి గుండ్రం, తెర చదును. వెబ్ పటాలు చాలావరకు మెర్కేటర్ పద్ధతిలో భూమిని చదును చేసి చూపిస్తాయి. ఈ పద్ధతిలో భూమధ్యరేఖ నుంచి దూరం పోయినకొద్దీ ప్రతిదీ ఉబ్బుతుంది. మా ఊరు సుమారు 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ వైశాల్యం సుమారు 11 శాతం పెరిగి కనిపిస్తుంది. 40 గుంటలు 44 దాటుతాయి. మేము చూపించడానికి వాడవలసిన పటాన్ని కొలవడానికి వాడాం. అంతే. మాది పెరిగినట్టే చిన్నాయనదీ పెరిగింది, ఊరంతా పెరిగింది. ఎవరి భూమీ ఎవరూ తీసుకోలేదు. కాని ఆ మాట చెప్పేలోపే జరగవలసింది జరిగిపోయింది.

మేము పరీక్ష చేయలేదా అంటే, చేశాం. పటం తెరుచుకుంటుందా, పొలం రంగు కనబడుతుందా, అంకె వస్తుందా అని చూశాం. అంకె నిజమా అని చూడలేదు. పరీక్షకు ప్రాణం ఒకటే: జవాబు మరో దారిన ముందే తెలిసి ఉండాలి. ఇది కొత్త సంగతి కాదు. 1802లో మద్రాసు దగ్గర గొలుసుతో ఒక గీత కొలిచి, త్రిభుజాల లెక్కతో దేశాన్ని కొలవడం మొదలుపెట్టిన లాంబ్టన్, 1804లో బెంగుళూరు దగ్గర మరో గీతను మళ్ళీ గొలుసుతోనే కొలిచాడు. లెక్క చెప్పినదీ గొలుసు చెప్పినదీ ఒకటవుతాయా అని సరిచూసుకున్నాడు. మనం పరీక్ష కోసం డేటాబేసు పెట్టుకోవడం కూడా ఇటువంటిదే.

దాన్ని ఎట్లా పెట్టుకోవాలో, తిరిగి వచ్చాక మేము చేసిన క్రమంలోనే చెబుతాను.

1. వేరు మడి: అసలు సమాచారం ఉన్న డేటాబేసు మీద పరీక్షలు చేయరాదు. నారు పోయడానికి వేరే మడి పెట్టుకుంటాం కదా, ఇదీ అంతే. ఖాళీ డేటాబేసు తెరిచి, పోస్ట్‌జి.ఐ.ఎస్. జోడించి, పట్టికలు వేసి, పరీక్ష పొలాలు నింపాలి. పరీక్ష కాగానే తుడిచివేయాలి. ఈ పని చేతితో కాక, రాసి పెట్టుకున్న ఆజ్ఞలతో ప్రతిసారీ ఒకేవిధంగా జరగాలి. అసలు దానిలో ఏ వెర్షన్ ఉందో పరీక్షదానిలోనూ అదే ఉండాలి.

2. జవాబు తెలిసిన పొలం: 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు ఉంటే ఒక గుంట. కనుక 330 అడుగుల పొడవు, 132 అడుగుల వెడల్పు గల పొలం సరిగ్గా 40 గుంటలు, 4,047 చదరపు మీటర్లు. దీన్ని మీటర్లలో కొలిచే యు.టి.ఎం. 44వ మండలంలో గీశాం. మా ఊరు ఆ మండలంలోనే వస్తుంది. తర్వాత డిగ్రీల్లోకి మార్చి దాచాం. ఇప్పుడు పటాన్ని వైశాల్యం అడగాలి. డిగ్రీల్లోనే లెక్కకడితే 0.00000035 అని వస్తుంది, మడి మాయమైనట్టే. మెర్కేటర్‌లో కడితే 44 గుంటలు దాటుతుంది. భూమి గుండ్రాన్ని లెక్కలోకి తీసుకునే జియోగ్రఫీ రకంలో కడితే నాలుగు చదరపు మీటర్ల లోపు తేడాతో ఎకరం వస్తుంది. ఆ మాత్రం తేడాను ఒప్పుకోవాలి. చివరి అంకె దాకా సమానం కావాలని పట్టుబడితే సరైన లెక్క కూడా తప్పిపోతుంది.

3. తారుమారు: మనం అక్షాంశం ముందు, రేఖాంశం తర్వాత చెబుతాం. పోస్ట్‌జి.ఐ.ఎస్.కు రేఖాంశమే ముందు ఇవ్వాలి. మా ఊరి 78.6నూ 18.3నూ తారుమారు చేస్తే మా మడి ఉత్తర ధ్రువం దగ్గరి స్వాల్‌బార్డ్ దీవుల్లో, మంచు మీద పడుతుంది! కనుక "ప్రతి పొలమూ మండలం హద్దులోనే ఉందా?" అనేది ఒక ప్రశ్న కావాలి.

4. పేచీ పొలాలు: అన్నీ చక్కని పొలాలే పెడితే పరీక్ష దండగ. మూలలు వరుస తప్పి గీత తనను తానే దాటిన పొలం ఒకటి పెట్టాలి. దాన్ని డేటాబేసు "చెల్లదు" అని పట్టుకోవాలి. కాలువ నడుమ పోయి రెండు ముక్కలైన సర్వే నంబరు ఒకటి, మధ్యలో వేరొకరి బావి జాగా ఉన్నది ఒకటి ఉండాలి. గుమ్మటం మూలలాగా వంగిన పొలం ఒకటి కావాలి. డేటాబేసు ముందు ప్రతి పొలం చుట్టూ ఒక పెట్టె ఊహించుకొని వేగంగా వెతుకుతుంది. ఆ వంపులోని పక్కవాని బావి పెట్టెలో పడుతుంది గాని పొలంలో పడదు. పెట్టెతోనే ఆగిపోయిన పటం బావిని మనకు రాసిచ్చేస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం గెట్టు మీది వేపచెట్టు. "ఈ పొలం లోపల చెట్టు ఉందా?" అని 'కంటెయిన్స్'తో అడిగితే హద్దు గీత మీది బిందువుకు రెండు పొలాలూ కాదంటాయి. 'ఇంటర్‌సెక్ట్స్'తో అడిగితే రెండూ ఔనంటాయి. రెండూ తప్పు కాదు, ప్రశ్నలు వేరు. చెట్టు ఎవరిదన్నది యంత్రం తేల్చదు. ఉమ్మడిది అనుకోవాలా, కాదా అని మనమే తేల్చి, ఆ తీర్పును పరీక్షలో రాసి పెట్టాలి.

5. రాశి: పది పొలాలతో తప్పొప్పులు తెలుస్తాయి గాని వేగం తెలియదు. సూచిక లేకున్నా పది వరుసలు క్షణంలో వెతుకుతుంది. లక్ష కల్పిత పొలాలు వేసినప్పుడే సూచిక మరచిపోయిన సంగతి బయటపడుతుంది.

6. పేర్లు: పరీక్ష పట్టికలో నిజమైన పట్టాదారుల పేర్లు, ఫోన్ నంబర్లు వేయవద్దు. ఒకరి భూమి వివరం మన అభ్యాసానికి సరుకు కారాదు.

ఇవన్నీ చేసి, పటం సరిదిద్దాక మళ్ళీ ఇంటికి పోయాను. ఈసారి ముందు చిన్నాయన ఇంటికే నడిచాను. ఆయన పొలం, మా పొలం రెండూ చూపించాను. మాది 40 గుంటలకు అరగుంట అటుఇటుగా వచ్చింది. ఆ అరగుంట చిత్రం మీద మూల గుర్తించడంలో నా చేతి వణుకు అని దాచకుండా చెప్పాను. "మరి ఇది చూసి గెట్టు పెట్టుకోవచ్చునా?" అని అడిగాడు. పెట్టుకోరాదు, గెట్టుకు గొలుసే సాక్షి, ఇది చూసుకోవడానికే అన్నాను. "అట్ల చెప్పు" అని చాయ్ తెమ్మన్నాడు.

మిత్రులారా! మనలో చాలామందిమి రేపు ఉద్యోగాల్లో పటాలు, పట్టికలు తయారుచేసేవాళ్ళమే. మన తెరమీద ఒక అంకె తప్పితే మనకు అది ఒక దోషం, దిద్దుకుంటే పోతుంది. పల్లెలో అది రెండు ఇళ్ళ మధ్య గోడ. కనుక పటాన్ని ఊరికి చూపేముందు, గొలుసుతో కొలిచిన ఒక్క మడినైనా దానికి ప్రశ్నగా వేయండి. మా పరీక్ష పట్టికలో మొదటి వరుసకు నేను పెట్టుకున్న పేరు 'నాలుగు గుంటలు'. దాన్ని చూసినప్పుడల్లా బాపు అడిగిన ప్రశ్న వినిపిస్తుంది.